తరుగు

మింట్ వీధిలో మాది కాటాల కొట్టు.
అద్దెకిస్తాం.
పోలీసులు కబురు పెడితే నేనే పట్టుకెళ్తాను.

ఇవాళ చెంగల్పట్టు దాటాక, ఒక బట్టీ దగ్గర
మూడేళ్ళ కేసుల గంజాయి తగలబెడుతున్నారు.
మేజిస్ట్రేటు గారు ముక్కుకి రుమాలు కట్టుకున్నారు.
ఫోటోగ్రాఫరు ఒక్కో మూటనీ
పెళ్ళికూతుర్ని తీసినట్టు రెండు వైపులా తీస్తున్నాడు.
నేను అంకె చదువుతాను. రైటరు రాసుకుంటాడు.

పట్టుకున్న రాత్రి ఇరవై రెండు కిలోల నాలుగొందలు.
ఇవాళ పదిహేడు కిలోల ఆరొందలు.
మిగతాది ఏదన్నారు మేజిస్ట్రేటు గారు.
ఆరిపోయిందన్నాడు రైటరు.
"ఎలి" అన్నాడు వెనకనుంచి ఒకడు, అరవంలో, చిన్నగా.
నేనేమీ అనలేదు.
మా వ్యాపారంలో దీనికొకటే మాట, తరుగు.
మిరపకి ఉంది, చింతపండుకి ఉంది,
సర్కారు దాచిన దానికి కాస్త ఎక్కువ.

బట్టీలో డీజిలు పోస్తుంటే
నా వేళ్ళు ఊరుకోవు.
పదిహేడు ఆరొందల్ని ఈ ఊరి చిల్లర ధరతో హెచ్చవేసి
నూటికి నలభై తీస్తే,
సీసా మీద పిండుకున్నట్టు దీనిమీదా పిండితే,
కార్పొరేషన్ బడికొక పైకప్పు.
ఇప్పుడొస్తున్నది పొగ,
అదీ సముద్రం వైపు పోతోంది.

మా తాత కందుకూరులో పొగాకు గ్రేడు కట్టేవాడు.
బేరనుకో నంబరు, బేలుకో చీటీ, రంగుకో రేటు.
దగ్గి దగ్గి పోయాడు,
పేరు మాత్రం వేలం పుస్తకంలోనే ఉంది, ఠాణాలో కాదు.
ఆకుకి లైసెన్సుంటే మనిషి రైతు,
లేకపోతే ముద్దాయి.

ఇక్కడితో ఆపితే ఇది అర్జీ అవుతుంది.
కాటావాణ్ణి, రెండో పళ్ళెం కూడా చూడాలి.

కొండమీద ఆ ఆకుకి
తోటకూర కట్టకున్నంత విలువ కూడా లేదు.
ఘాటు దిగేటప్పుడొక భయం, చెక్‌పోస్టు దగ్గరొక భయం,
బేసిన్ బ్రిడ్జి దాటి రైలు నెమ్మదించేటప్పుడు ఇంకోటి.
భయాలన్నీ కూడితే వచ్చేదే ధర.
రేపు చట్టం భయం తీసేస్తుంది, ధర కూలుతుంది,
ఖాళీ అయిన కుర్చీలో ఖజానా కూర్చుంటుంది,
ఏ కంపెనీయో కొండని కౌలుకి తీసుకుంటుంది.
అప్పుడు బొంజుబాబుకి దినకూలీ,
చేతికి తొడుగులు, ఆదివారం సెలవు.
తీసిపారేయడానికి లేదు.
పుళల్ జైల్లో ఆదివారమేదో సోమవారమేదో.

సీదరి బొంజుబాబు.
ఆ ఇరవై రెండున్నీ మోసింది అతనే.
రాత్రి రెండింటికి, సెంట్రల్ రైల్వే ఠాణా బెంచీమీద,
నా తెలుగు విని తలెత్తాడు.
"ఎంత తూగింది బాబూ?"
చెప్పాను.
బేడీలున్న చేత్తోనే కణుపులు లెక్కపెట్టాడు.
"పదిహేనే అన్నాడు బాబూ ఆడు.
నాకు కిలోకింతని కూలి."
కేసు గురించి అడగలేదు. ఏళ్ళ గురించి అడగలేదు.
ఏడు కిలోల నాలుగొందల కూలి
ఎవడు ఎగ్గొట్టాడో వాడిమీద
నా ఎదుటే వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

ఆ రాత్రి బిల్లు నా దగ్గరే ఉంది.
కాటా అద్దె పద్దెనిమిది వందలు,
దానిమీద జీఎస్టీ మూడు వందల ఇరవై నాలుగు.
శాఖ ఇంకా అద్దె ఇవ్వలేదు,
పన్ను మాత్రం నేను ఆ నెలలోనే కట్టాను.
ఆ మూటమీద ఈ దేశానికి ముట్టింది,
నాకు తెలిసి, అంతే.

బట్టీ తలుపు మూశారు. సంతకాలయ్యాయి.
కాటా తుడుస్తుంటే
పళ్ళెం అంచు గాడిలో ఒక్క గింజ.
ఐదు గ్రాముల లోపు ఏదీ మా కాటాకి కనపడదు.
జేబులో వేసుకుంటే నేరం.
ఊదాను.
ఎటు పడిందో చూడలేదు.